సార్‌ను తీసేశారని ధర్నా చేశాం, మాపై కేసు పెడతారా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇక్కడి ఒక యూనివర్సిటీలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో తొమ్మిదేళ్లుగా అకడమిక్ కన్సల్టెంట్‌గా పాఠాలు చెబుతున్న సార్‌ను నెల కిందట తీసేశారు. ఆర్డర్‌లో ‘సేవలు అవసరం లేదు’ అని ఒక్క లైను రాశారు. అంతకు పదిహేను రోజుల ముందే, ఫలానా పార్టీ సభకు ఎందుకు వెళ్లారని ఆయనకు మెమో ఇచ్చారు. మేం నలభై మంది పరిపాలనా భవనం ముందు నాలుగు రోజులు కూర్చున్నాం. ఇప్పుడు నాతో కలిపి ఏడుగురికి షోకాజ్ నోటీసులు వచ్చాయి. సెక్షన్ 30 అమల్లో ఉంది, కేసులు పెడతామని పోలీసులు అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. సార్ తరఫున మేమే హైకోర్టుకు వెళ్లవచ్చా? కేసు పడితే గ్రూప్-2కు పనికిరానా?
– ఒక విద్యార్థిని

జవాబు: ముందు షోకాజ్ నోటీసు సంగతి చూడండమ్మా. అందులో ఇచ్చిన గడువు దాటనివ్వకండి. ఏడుగురూ ఒకే కాపీ మీద సంతకాలు పెట్టకుండా ఎవరి జవాబు వారు రాయండి. ఎక్కడ కూర్చున్నారు, ఏ వేళలో కూర్చున్నారు, ఎవరి దారికీ అడ్డం పడలేదు, క్లాసులు ఆపలేదు అని ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ మీద వచ్చిన ఫిర్యాదు కాపీ ఇవ్వమని అడగండి. చేయని తప్పుకు క్షమాపణ రాసి ఇవ్వొద్దు. రేపు అదే మీ ఒప్పుకోలు అవుతుంది. మీ మాట వినకుండా శిక్షగా సస్పెండ్ చేయడం, పరీక్ష ఆపడం చెల్లదు. ఉత్తరప్రదేశ్ ఇంటర్మీడియెట్ బోర్డు ముగ్గురు విద్యార్థుల ఫలితాలను విచారణ లేకుండా రద్దు చేస్తే, అది తప్పని సుప్రీంకోర్టు 1962లోనే తీర్పు ఇచ్చింది.

ఆయుధాలు లేకుండా శాంతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చింది. దానికి సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు గానీ, ఆంక్ష పేరుతో హక్కునే లేకుండా చేయకూడదు. 1861 నాటి పోలీసు చట్టంలోని సెక్షన్ 30 ప్రధానంగా రోడ్ల మీద సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి ఉన్నది. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ తెచ్చిన జీవో 1ను మన హైకోర్టు 2023 మేలో కొట్టేసింది. అయినా ఒక మాట గట్టిగా చెబుతాను. అలిపిరి దారిలో రాస్తారోకో అనే ఆలోచన ఉంటే మానుకోండి. కొండకు వెళ్లే జనం ఇరుక్కుంటే మీ వైపున్న సానుభూతి పోతుంది, కేసుకు బలం వస్తుంది. క్యాంపస్‌లోనే కూర్చోండి. రిజిస్ట్రార్‌కు, స్టేషన్‌కు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. అద్దం పగలకూడదు, గేటుకు తాళం పడకూడదు.

ఇక సార్ విషయం. నిజానికి అసలు పోరాటం ఇక్కడే ఉంది. కన్సల్టెంట్‌కు పర్మనెంట్ ఉద్యోగి రక్షణ లేదు. గడువు అయిపోయిందని చెప్పి పంపే వీలు యూనివర్సిటీకి ఉంది. కానీ ఆర్డర్‌లో రాసిన మాట ఒకటి, వెనుక ఉన్న కారణం మరొకటి అయితే కోర్టు ఆ తెర తొలగించి చూస్తుంది. 1974లో శంషేర్ సింగ్ కేసు నుంచి ఇది స్థిరపడిన సూత్రం. తీసేయడానికి ఆ మెమోయే పునాది అని తేలితే అది శిక్ష కిందికి వస్తుంది. ఛార్జిషీటు, విచారణ లేకుండా శిక్ష వేయడానికి లేదు.

మీ సార్‌కు పనికొచ్చే తీర్పు ఇంకొకటి ఉంది. మధ్యప్రదేశ్‌లో ఒక మున్సిపల్ స్కూల్‌ను ప్రభుత్వం తీసుకుంది. అందులోని టీచర్ ఒకప్పుడు ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసులు రిపోర్టు ఇస్తే ఆయన్ను తీసేశారు. ఆ తొలగింపు చెల్లదని 1983లో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ చిన్నపరెడ్డి. వామపక్ష భావాలున్న న్యాయమూర్తిగా పేరున్న ఆయన, తనకు నచ్చని రాజకీయం ఉన్న టీచర్ ఉద్యోగాన్ని నిలబెట్టారు. ఈ తీర్పు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది. అయితే అది పాత రాజకీయ సంబంధాల గురించి. ఉద్యోగంలో ఉండగా సభకు వెళ్లడం వేరే సంగతి, యూనివర్సిటీ ప్రవర్తనా నియమాలు చూడాలి. నియమం నిజంగానే అడ్డం వచ్చినా విచారణ జరపాల్సిందే.

సార్ స్థానంలో ఇంకో కన్సల్టెంట్‌ను తీసుకున్నారా? తీసుకుంటే కేసు ఇంకా బలపడుతుంది. ఒక తాత్కాలిక టీచర్‌ను తీసేసి మరో తాత్కాలిక టీచర్‌ను పెట్టకూడదని గెస్ట్ లెక్చరర్ల కేసులో 2022లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సమాచారం తేవడం మీ చేతిలో పని. ఆర్‌టీఐ దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. డిపార్ట్‌మెంట్‌లో కన్సల్టెంట్లు ఎందరు, కొత్త నియామకాలు ఏవి, పాలక మండలి తీర్మానం ఏమిటి అని అడగండి. సార్ సొంత ఫైలు మీకు ఇవ్వకపోవచ్చు, అది ఆయనే అడగాలి.

మీరే హైకోర్టుకు వెళ్లడం కుదరదు. ఉద్యోగ వివాదాల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యం నిలబడదని సుప్రీంకోర్టు 1998 నుంచీ చెబుతోంది. రిట్, అంటే యూనివర్సిటీ ఆర్డర్‌ను కొట్టేయమని హైకోర్టును కోరే పిటిషన్, వేయాల్సింది సారే. రిట్‌కు చట్టంలో గడువు లేకపోయినా, ఆలస్యం చేస్తే అదే ఆయనకు ఎదురు తిరుగుతుంది. ఇప్పటికే నెల గడిచింది.

గ్రూప్-2 గురించి దిగులు వద్దు. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన పరీక్షకు అనర్హత రాదు. ఫారంలో కేసు ఉందా అని అడిగితే మాత్రం దాచొద్దు. ఇలాంటి చిన్న కేసు కన్నా, దాన్ని దాచడం వల్లే ఉద్యోగాలు పోతాయి. పోలీసులు 35(3) నోటీసు (అరెస్టు చేయకుండా తమ ముందు హాజరు కమ్మని ఇచ్చే నోటీసు) ఇస్తే లాయర్‌తో మాట్లాడి తప్పకుండా హాజరు కండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.

ఈ ఆదివారమే సార్ ఇంటికి వెళ్లండి. ఆ మెమో, దానికి ఆయన ఇచ్చిన జవాబు, తొమ్మిదేళ్ల నియామక ఆర్డర్లు, చివరి ఆర్డర్ అన్నీ ఒక ఫైల్లో పెట్టించండి. లాయర్ మొదట అడిగేవి అవే.