అత్తగారి కంచం పక్కన నువ్వూ కూర్చో

తెనాలి,
13 మే 2021

చి.సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అత్తగారికి కరోనా తగ్గి నెగెటివ్ వచ్చి పది రోజులైనా ఒక్క ఇడ్లీతో చాలంటున్నారనీ, గాజులు మోచేతి దాకా జారుతున్నాయనీ నిన్న ఫోన్‌లో అన్నావు. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

వదినగారిది మొండితనం కాదమ్మా. ఈ జబ్బు వాసన తెలియకుండా చేస్తుంది. వాసన తెలియని నోటికి నెయ్యి వేసిన పప్పయినా చప్పిడి ముద్దే. కొందరికి అది తిరిగి రావడానికి వారాలు పడుతుంది.

నిరుడు ఉగాది రోజునే కదా లాక్‌డౌన్ మొదలైంది. మా అత్తగారికి జబ్బేమీ లేదు, భయమంతా మాది. కంచం ఆవిడ గది గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని. "నాకు మజ్జిగన్నం చాలే" అంటే ఎంత సర్దుకుపోయే మనిషో అనుకున్నాను. వినాయక చవితి నాటికి చెయ్యి పట్టుకుంటే గానీ కుర్చీలోంచి లేవలేకపోయింది. కండంతా కరిగిపోయింది. కరోనాని గుమ్మం దాటనివ్వలేదు కానీ, మనిషిని మంచానికి అప్పజెప్పాను. ఆ బాధ నీకు వద్దనే ఇదంతా రాస్తున్నాను.

మీ అత్తగారు 52 కిలోలుండేవారు కదా. పెద్ద వయసులో కిలో బరువుకి కనీసం ఒక గ్రాము ప్రోటీన్ పడాలి, జబ్బు నుంచి లేచినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, గుప్పెడు కందిపప్పుతో చేసిన ముద్దపప్పులోనూ అంతే. పప్పుచారు తేటలో ఏముంటుంది చెప్పు? అందుకని చారన్నం తగ్గించి ముద్దపప్పు, పెసరట్టు, ఉడికించిన గుడ్డు, గట్టి పెరుగు పెట్టు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా. కిడ్నీ జబ్బేమైనా ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడుగు. ఆస్పత్రిలో స్టెరాయిడ్లు వాడారన్నావు, వాటితో షుగర్ పెరుగుతుంది. బలమని బెల్లం, తేనె పెట్టెయ్యకుండా షుగర్ చూస్తూ ఉండు.

మీ దగ్గర నిన్నటి నుంచి పొద్దున 6 నుంచి 10 దాకానే కొట్లు తీస్తున్నారు కదా. ఆ వేళలో పాలు, గుడ్లు, పెసలు, వేరుశనగ గుళ్లు, నిమ్మకాయలు తెచ్చుకుంటే చాలు. ఖరీదైన పౌడర్ డబ్బాల కోసం తిరగకు.

రుచికి నిమ్మరసం, కొత్తిమీర, అల్లం బాగా పనికొస్తాయి. కొత్తావకాయ పెట్టావుగా, బీపీ అదుపులో ఉంటే ముద్దపప్పులో రవ్వంత నంజనివ్వు. రోజుకి నాలుగుసార్లు మిరియాల కషాయం పట్టిస్తున్నావట, అది మానెయ్యి. కడుపులో మంట పుడితే ఉన్న ఆకలీ చస్తుంది. కట్టుడు పళ్లు వదులయ్యాయేమో కూడా అడుగు. ఒళ్లు తగ్గితే అవి సరిగా కూర్చోవు. మా అత్తగారు ఆ మాట రెండు నెలలు చెప్పలేదు.

ఈ ఎండల్లో నీళ్ల సంగతి మరిచిపోకు. పెద్దవాళ్లకి దాహం సరిగా తెలియదు. పైగా రాత్రి బాత్రూంకి లేవాల్సి వస్తుందని తాగడం మానేస్తారు. సాయంత్రం లోపలే మజ్జిగ, నీళ్లు ఎక్కువ పట్టించు.

ఇక కంచం గదిలోకి పంపకు. నెగెటివ్ వచ్చింది కదా, కిటికీలు తీసి, పక్కన కూర్చుని నువ్వూ తిను. మాటల్లో పడి ఇంకో రెండు ముద్దలు తింటారు. తిన్నాక కాసేపటికి కుర్చీలోంచి ఐదుసార్లు లేపి కూర్చోబెట్టు. తిండికి కదలిక తోడైతేనే కండ పడుతుంది. నెలలో రెండున్నర కిలోలు తగ్గినా, మింగుతుంటే పొలమారుతున్నా, ఆక్సిజన్ 94 కంటే దిగినా ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చెప్పు.

ఆదివారం పొద్దున్నే బరువు చూసి నాకు ఫోన్ చెయ్యి. వదినగారికి ఫోనివ్వు, నేనూ మాట్లాడతాను.

మీ పెద్దమ్మ