వెతికేది ఇంటర్‌నెట్‌నా, పట్టికనా?

ప్రశ్న: సెర్చ్ ఇంజిన్‌లో రెండు మాటలు టైప్ చేయగానే క్షణంలో లక్షల ఫలితాలు వస్తున్నాయి. అంత తక్కువ వ్యవధిలో అది ఇంటర్‌నెట్ అంతటినీ ఎలా గాలిస్తుంది? మొదట కనిపించినదే సరైన జవాబని నమ్మవచ్చా?

జవాబు: మీరు అడిగిన ఆ క్షణంలో సెర్చ్ ఇంజిన్ ఇంటర్‌నెట్‌ను గాలించదు, ముందే సిద్ధం చేసుకున్న పట్టికను చూస్తుంది, అంతే. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ఒక పేజీలోని లింకుల వెంట మరో పేజీకి వెళుతూ సమాచారాన్ని నిరంతరం చేరవేస్తుంటాయి. దాని ఆధారంగా ఏ మాట ఏయే పేజీల్లో ఉందో నమోదవుతుంది. పెద్ద పుస్తకాల చివర ఉండే పదసూచిక వంటిదే ఇది. ‘చంద్ర’ అన్న మాట 9, 15, 27 సంఖ్యల పేజీల్లోనూ, ‘గ్రహణం’ అన్న మాట 4, 9, 27 సంఖ్యల పేజీల్లోనూ ఉన్నట్లు నమోదై ఉందనుకోండి. రెండూ ఉన్నవి 9, 27 అని తేల్చడానికి ఆ పేజీలను తెరవనక్కరలేదు. నిన్న మారిన వివరం ఇవాళ కూడా ఫలితాల్లో పాతగానే కనిపిస్తే, క్రాలర్ మళ్లీ అటు వెళ్లలేదని అర్థం చేసుకోవచ్చు.

1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్‌టేజ్ రూపొందించిన ఆర్చీ అనే తొలితరం సెర్చ్ ఇంజిన్, ఫైళ్ల పేర్లను మాత్రమే వెతికిపెట్టేది. వెబ్ పేజీలు పెరిగేకొద్దీ వెతకడం కన్నా, దొరికినవాటిలో దేన్ని ముందు చూపాలన్నదే పెద్ద చిక్కయింది. ఒక పేజీకి ఎన్ని పేజీలు, ఎంత ముఖ్యమైన పేజీలు లింకు ఇచ్చాయో లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించారు. భాష, ప్రాంతం, తాజాదనం వంటి అంశాలెన్నో ఇప్పుడు ఆ లెక్కలో చేరాయి.

ఇక మీ రెండో ప్రశ్న. వరుసలో ముందుండటం వేరు, నిజం కావడం వేరు. పైవరుసల్లో డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలూ ఉంటాయి. ‘ప్రకటన’ అనో ‘స్పాన్సర్డ్’ అనో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, చదివే ఓపిక మనకే ఉండదు. అడిగే తీరు కూడా జవాబును మారుస్తుంది: ‘కాఫీ వల్ల నష్టాలు’ అని అడిగితే నష్టాలు చెప్పే పేజీలే ఎక్కువగా వస్తాయి, లాభాలు అడిగితే లాభాలే. కనుక ‘కాఫీ ఆరోగ్యం’ అని ఎటూ మొగ్గని మాటలతో వెతకండి. ఒక వాక్యం ఉన్నదున్నట్టుగా కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య టైప్ చేయండి. అక్కరలేని మాటకు ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు పెట్టండి.