ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వెళ్తున్న మా అమ్మలుకి

యేసు మరియ జోజప్ప తోడు

అమ్మలూ,

నీ ఆర్డరు కాపీ మీ అమ్మ ఫోన్‌లో పంపింది. అయిదు తరగతులకు ముగ్గురు టీచర్లు, అందులో సర్కారు జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టు నీది ఒక్కటే, మిగతా ఇద్దరికీ విచారణ (పారిష్) నుంచి జీతం అని రాశావు. మన గుంటూరు, పల్నాడు పల్లెల్లో ఆర్‌సీఎం ప్రాథమిక పాఠశాలలు చాలావరకు ఇప్పుడు ఇలాగే నడుస్తున్నాయి. జూన్ 12న బడి తెరిచేలోపు నీకు ఈ ఉత్తరం అందాలని కూర్చుని రాస్తున్నాను. "బడిలో భక్తి ఎలా పెంచాలి పెద్దమ్మా" అని అడిగావు కదా. నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకు. మూడో తరగతి దాటిన పిల్లకు తెలుగు తడుముకోకుండా చదవడం రాకపోతే, ఎన్ని జపమాలలు చెప్పించినా అది కతోలిక బడి అనిపించుకోదు.

మీ ముత్తాత ఉపదేశి. ఆ రోజుల్లో పల్లెలో ఉపదేశే పంతులు. పగలు గుడి పాకలో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. రాత్రి లాంతరు పెట్టుకుని, కూలికి పోయి వచ్చినవాళ్లకు జపాలు నేర్పేవాడు. పలక మీద వేలు పెట్టనివ్వని ఊళ్లో మనవాళ్ల చేత అ ఆలు దిద్దించడమే ఆయన మొదటి జ్ఞానోపదేశం. నువ్వు కూర్చోబోయే కుర్చీ అక్కడి నుంచి వచ్చింది.

అందుకని మొదటి రెండు వారాలు రికార్డులు, స్టాకు రిజిస్టర్లు పక్కన పెట్టు. రెండు నుంచి అయిదో తరగతి దాకా ప్రతి పిల్లనూ ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదివించు. తన పాఠ్యపుస్తకం ఇవ్వకు, బొమ్మ చూసి అప్పజెప్పేస్తారు. ఎప్పుడూ చూడని పుస్తకం ఇవ్వు. అక్షరాల దగ్గర ఆగిందా, గుణింతాల దగ్గరా, వత్తుల దగ్గరా, పదం చదివి వాక్యం అందుకోలేకపోతోందా, ఒక నోట్‌బుక్కులో రాసుకో. నాలుగో తరగతిలో ఉన్నా గుణింతాలు రానివాళ్లు కనపడతారు. కంగారుపడకు, పాత టీచరు మీద కోప్పడకు. రోజూ మొదటి గంట తరగతులు కలిపేసి, ఎవరు ఎక్కడ ఆగారో ఆ లెక్కన గుంపులు చెయ్యి. ముగ్గురు టీచర్లు, మూడు గుంపులు. వత్తులు రాని గుంపును నువ్వు తీసుకో. హెడ్‌మిస్ట్రెస్ వెనకబడ్డ పిల్లల దగ్గర కూర్చుందంటే ఊరు గమనిస్తుంది. ఇంగ్లీషు మీడియం కావాలని తల్లిదండ్రులు అడుగుతారు, అడగనీ. ఇంగ్లీషూ బాగా చెప్పు. కానీ ఇంట్లో మాట్లాడే భాషే చదవలేని పిల్ల ఇంకో భాషను బట్టీ పడుతుందే తప్ప నేర్చుకోదు.

కాటకిజం (మతబోధ) పీరియడ్ కూడా ఈ పనికి తోడ్పడుతుంది. మన పిల్లలు "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అని గడగడా చెప్పేస్తారు. ఆ జపాన్నే బోర్డు మీద రాసి, "వరప్రసాదము ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అని అడుగు. నోటికి వచ్చినది కంటికి కనపడినప్పుడు ఆ మొహాల్లో వచ్చే వెలుగు నేను ఎన్నేళ్లు చూసినా తనివి తీరలేదు. అదే సమయంలో పక్క గదిలో మిగతా పిల్లలకు నీతిబోధ జరుగుతుంది కదా, అక్కడ వేమన పద్యంతో ఇదే పని చేయించు. ఆ గదికి ఎవరో ఒకరిని కాపలా పెట్టి వదిలెయ్యకు. చాలా బడుల్లో జరిగేది అదే, మన పిల్లలకు పాఠం, వాళ్లకు "తల వంచుకుని కూర్చోండి". ఆ పిల్లలు ఇంటికెళ్లి మన గురించి ఏం చెబుతారో ఆలోచించు.

నీ బడిలో సగానికి పైగా కతోలికులు కారు. హిందువుల పిల్లలున్నారు, సాయిబుల పిల్లలున్నారు, లూథరన్ వాళ్లు, పెంతెకోస్తు పాస్టరుగారి పిల్లలు ఉన్నారు. అసెంబ్లీ అందరిదీ. జాతీయగీతం, ప్రతిజ్ఞ ఎలాగూ ఉంటాయి. ఆ ప్రతిజ్ఞ మన తెలుగాయన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో రాసినదని పిల్లలకు చెప్పు, గొంతులు లేస్తాయి. 2024 ఏప్రిల్‌లో భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య మన బడులన్నిటికీ కొన్ని సూచనలు పంపింది. రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ, ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దవద్దనీ అందులో ఉంది. ఆ కాగితం బడి నిర్వహణ చూసే కరస్పాండెంట్ ఫాదర్‌గారి దగ్గర ఉంటుంది, అడిగి తీసుకుని టీచర్లకు చదివి వినిపించు. రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో భాగం కూడా చూడు. గుర్తింపు పొందిన బడిలో, సర్కారు సాయం అందుకునే బడిలో, పిల్లవాణ్ణి మతబోధలో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. 30వ అధికరణం మన బడిని మనం నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. అడ్మిషన్ రోజున ఒప్పుదల కాగితాన్ని చదువురాని తల్లికి పైకి చదివి వినిపించి, అర్థమైందని తెలుసుకున్నాకే వేలిముద్ర వేయించుకో.

నోటితో కూడా చెప్పు. సిలువ గుర్తు వేసుకునేవాళ్లు వేసుకుంటారు, మిగతావాళ్లు నిశ్శబ్దంగా నిలబడితే చాలు అని మొదటి రోజే అందరి ముందూ చెప్పు. పాస్టరుగారి పిల్ల మరియమ్మ జపం దగ్గర నోరు మూసుకుంటే ఆ పిల్ల వైపు చూడను కూడా చూడకు. కార్తీకంలో ఎవరో ఒక పిల్లవాడు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో వస్తాడు. యూనిఫాం లేదని గేటు దగ్గర ఆపారంటే ఊరంతా వచ్చి నిలబడుతుంది, నిలబడాల్సిందే కూడా. లోపలికి పిలిచి, భోజనం ఇంటి నుంచి తెచ్చుకుంటాడా అని అడిగి, మామూలుగా పాఠం చెప్పు. మిగతా పిల్లలు వాణ్ణి "స్వామీ" అని పిలుస్తారు, పిలవనీ. బొట్టుకీ, గాజులకీ, పూలకీ, రంజాన్ ఉపవాసాలకీ ఇదే పద్ధతి.

ఇక అడ్మిషన్ రిజిస్టరులో మతం, కులం గడులు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన మాల మాదిగలకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీలో లెక్కిస్తారు. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి పంపినా చట్టం మారలేదు. ఆదివారం గుడిలో ముందు వరసలో పాడే కుటుంబం సర్టిఫికెట్‌లో వేరే మతం ఉండవచ్చు. నువ్వు సర్టిఫికెట్‌లో ఉన్నదీ తల్లిదండ్రులు చెప్పినదీ రాయి. సందేహం వస్తే వాళ్లనే పక్కకు పిలిచి అడుగు, నలుగురిలో అడగకు. నీ మొహంలో చిన్న ప్రశ్న కూడా కనపడకూడదు. వాళ్ల పిల్లల స్కాలర్‌షిప్పులు, హాస్టలు సీట్లు ఆ గడి మీద ఆధారపడి ఉంటాయి. వాళ్ల విశ్వాసాన్ని తూచే పని నీకు ఎవరూ అప్పగించలేదు.

కులం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మనవాళ్లలో రెడ్లు, కమ్మవాళ్లు, మాలలు, మాదిగలు అందరూ గుడిలో పూజలో ఒకే సత్ప్రసాదం తీసుకుంటారు, బయటికి రాగానే ఎవరి బజారు వాళ్లది. 2016 డిసెంబరులో పీఠాధిపతులు దళితుల విషయంలో ఒక విధానమే ప్రకటించారు. 2022లో మన పూల అంతోనిగారు తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొదటి కార్డినల్ కూడా ఆయనే. పండగ చేసుకున్నాం, సంతోషం. కానీ నీ బడిలో గది ఊడ్చేది ఎవరో చూడు. మంచినీళ్ల డ్రమ్ము దగ్గర గ్లాసు ఎవరి చేతిలో ఉందో చూడు. మధ్యాహ్న భోజనంలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో వారం రోజులు ఏమీ అనకుండా గమనించు. ఆ తర్వాత ఊడ్చే వంతుల చీటీ రాసి గోడకు అంటించు, అందులో పెద్దరైతు కొడుకు పేరూ నీ పేరూ ఉండాలి. భోజనానికి తరగతి వరస కాకుండా రోజూ చోటు మార్చు. నువ్వూ అదే బంతిలో, వాళ్లు తినే అన్నమే తిను. గోదావరి జిల్లాలో వచ్చినవాళ్లందరికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు ఆ భోజనానికి పెట్టారు, ఆమె కథ పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు.

క్రిస్మస్ నాటిక కూడా ఇలాంటిదే. ప్రతి ఏడూ మరియమ్మ వేషం తెల్లగా ఉన్న పిల్లకే వెళ్తుంది, దేవదూతలు కూడా తెల్లవాళ్లే, నల్లగా ఉన్నవాళ్లు గొర్రెల కాపరులు. ఎవరూ కావాలని చెయ్యరు, అలవాటుగా జరిగిపోతుంది. నల్లపిల్లలు అది చూసి తమ గురించి ఒకటి నేర్చుకుంటారు, దాన్ని ఏ కాటకిజం పాఠమూ చెరిపెయ్యలేదు. చీటీలు వెయ్యి. ఇతర మతాల పిల్లలు వేషం వేస్తామంటే ఇంట్లో అడిగి రమ్మను.

బెత్తం విషయం రెండు మాటల్లో చెబుతాను. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, కాబట్టి కొట్టొచ్చు అనుకునే టీచర్లు మనలో ఉన్నారు. ఆ తీర్పు బెత్తానికి ఇచ్చిన అనుమతి కాదు. వీధి పిల్లలను చేరదీసిన దోన్ బోస్కోగారు కొట్టకుండానే నడిపారు. ఆయన పండుగ జనవరి 31న టీచర్ల మీటింగు పెట్టి ఆయన పద్ధతి చెప్పు. ఇంకొకటి, జపమాలను శిక్షగా ఎప్పుడూ వాడనివ్వకు. "అల్లరి చేశావు, పది మరియమ్మ జపాలు చెప్పు" అన్న టీచరు ఆ పిల్లకు ప్రార్థన అంటేనే విసుగు పుట్టిస్తుంది.

మన పిల్లల్ని ప్రథమ సత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్) సిద్ధం చెయ్యడం ఉపదేశిగారితోనూ తల్లిదండ్రులతోనూ కలిసి చెయ్యి, నీ ఒక్కదాని నెత్తిన వేసుకోకు. 1965లో వాటికన్ మహాసభ విద్య మీద ఇచ్చిన ప్రకటనలోనే ఉంది, పిల్లలకు మొదటి గురువులు తల్లిదండ్రులని. అంటే బడి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. పేరెంట్స్ మీటింగు పదకొండు గంటలకు పెడితే కూలివాళ్లు ఒక రోజు కూలి పోగొట్టుకుని రావాలి, రారు. "వీళ్లకు శ్రద్ధ లేదు" అని మనం అనేస్తాం. సాయంత్రం ఏడింటికి పేటలోకి వెళ్లు. ఆదివారం పూజ అయ్యాక గుడి దగ్గర పెడితే మనవాళ్లు వస్తారు, మిగతావాళ్లు రారు. కాబట్టి ఇంకో మీటింగు రామాలయం అరుగు మీద కూడా పెట్టించుకో. ఊరి పెద్దల్ని అడిగితే కాదనరు.

మిరపకోతల కాలానికి ముందే సిద్ధపడు. జనవరి నుంచి మార్చి దాకా నీ హాజరుపట్టీ సగానికి పడిపోతుంది. చిన్నదాన్ని ఎత్తుకోవడానికి పెద్దది చేనుకు వెళ్తుంది. డిసెంబరులోనే ఆ ఇళ్లకు తిరిగి, పసివాళ్లను ఎవరి దగ్గర ఉంచవచ్చో మాట్లాడు. అంగన్‌వాడీ ఆయాతో స్నేహం చేసుకో, ఆమె సాయపడితే పెద్ద పిల్లలు బడికి వస్తారు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కుటుంబాలు ఊరి బయట పరదాలు కట్టుకుని ఉంటాయి. ఆ పిల్లలకు నీ రిజిస్టరులో పేరు లేకపోయినా లోపల కూర్చోబెట్టు. ఆధార్, టీసీ తర్వాత చూసుకోవచ్చు, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి పెట్టుకో. ఈజిప్టుకు పారిపోయిన యేసు, మరియ, జోజప్పల తిరుకుటుంబం గురించి డిసెంబరులో నాటిక వేసి, జనవరిలో పరదాల కింద ఉన్న బిడ్డను చూడకుండా ఎలా ఉంటాం?

ఫాదర్‌గారితో ఎలా మెలగాలి అని కూడా అడిగావు. గౌరవంగా, స్పష్టంగా. కొన్నేళ్లకు ఆయన బదిలీ అవుతారు, ఇంకొకరు వస్తారు, బడి ఉంటుంది. అందుకే ప్రతిదీ కాగితం మీద పెట్టు. గుడి డబ్బు, బడి డబ్బు, భోజనం బియ్యం, ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలవనివ్వకు. విచారణ పండుగకు బియ్యం "సర్దుదాం" అని ఎవరైనా అంటే నవ్వుతూనే కుదరదని చెప్పు. విచారణ జీతం మీద పనిచేసే ఆ ఇద్దరు అమ్మాయిల కోసం మాత్రం పట్టుబట్టు. వాళ్ల జీతం తక్కువే, అది కూడా ఒక్కో నెల ఆలస్యమవుతుంది. "సేవ అనుకోండమ్మా" అన్న మాట వాళ్లు చాలాసార్లు విని ఉంటారు. 1891లోనే పదమూడో లియో పోపుగారు పనివాడికి న్యాయమైన కూలి ఇవ్వడం ధర్మమని రాశారు. ఫాదర్‌గారికి అది తెలుసు, గుర్తు చేసేవాళ్లు కావాలి. అయిదో తారీఖులోపు ఇవ్వాలని పారిష్ కౌన్సిల్ మినిట్స్‌లో రాయించు.

పండుగల గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలిసినవే. ఆగస్టు 15న జెండా పండుగ, మరియమ్మ మోక్షారోపణ పండుగ ఒకేరోజు వస్తాయి కాబట్టి పూజ ముందు పెట్టుకుని, జెండా వందనానికి ఊరందరినీ పిలువు. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల తిరునాళ్లకు సగం ఊరు వెళ్తుంది, ఆ వారంలో పరీక్ష పెట్టకు. మిషనరీ బడులకు క్రిస్మస్ సెలవులు వేరుగా ఉంటాయి, దసరా సెలవులు తగ్గుతాయి. ఇతర మతాల తల్లిదండ్రులకు అది జూన్‌లోనే చెప్పు, దసరాకు ఊరు వెళ్లే పిల్లల్ని ఆబ్సెంట్ అని తిట్టకు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో జరగవు. ఈ ఏడు చదవడం, భోజనం బంతి, ఆ ఇద్దరి జీతం, ఈ మూడూ చూడు. మిగతావి వచ్చే ఏడు. చదివే పరీక్ష చేసిన నోట్‌బుక్కు క్రిస్మస్ సెలవుల్లో నా దగ్గరికి తీసుకురా. సెప్టెంబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి అదే పరీక్ష మళ్లీ పెట్టి పక్క గడిలో రాసి ఉంచు. ఎవరు ముందుకు కదిలారో, ఎవరు అక్కడే ఉన్నారో ఇద్దరం చూసి, కదలనివాళ్లకు ఏం చెయ్యాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ అమ్మకు నా జపాలు చెప్పు.

మీ పెద్దమ్మ