బడి తెరిచేలోపే టీచరుతో మాట్లాడు

చిన్నా,

ఫోన్లో అడిగావు కదా, బాబుకు ఆటిజం ఉన్న సంగతి టీచరుకు చెప్పాలా, చెబితే ఎంతవరకు చెప్పాలి అని. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

చెప్పు. దాచొద్దు. ఫారంలో ఏమీ రాయకుండా చేర్పించి, తర్వాత ఒకరోజు వాడు అసెంబ్లీలో మైకు చప్పుడుకు చెవులు మూసుకుని అరిస్తే, పిల్లాడికి మొండి అని పేరు పడుతుంది. ఆ పేరు పై తరగతికి కూడా వాడితోనే వస్తుంది. ఈ బెంగళూరులోనే ప్రైమరీ పిల్లలకు చెప్పి రిటైరైనదాన్ని, స్టాఫ్ రూములో పిల్లలకు పేర్లు ఎలా పెడతారో నాకు తెలుసు.

అయితే చెప్పడమంటే నిమ్హాన్స్ ఆసుపత్రి వాళ్ళిచ్చిన రిపోర్టు జిరాక్సు తీసి ఆవిడ చేతిలో పెట్టడం కాదు. ఆటిజం ఎంత ఉందో కొలిచే ఐసా (ISAA) పరీక్షలో 40 అంశాలుంటాయి, స్కోరు 70కి చేరితే ఆటిజం అంటారు, సర్టిఫికెట్టుకు అది కావాలి, నిజమే. కానీ సోమవారం పొద్దున ముప్ఫై చిల్లర పిల్లల మధ్య నిలబడ్డ మనిషికి ఆ అంకెతో పనేముంది? వాడు ఏడుస్తుంటే ఏం చేయాలో తెలిస్తే చాలు ఆవిడకు. కాబట్టి నువ్వూ కోడలూ కూర్చుని ఒకే ఒక్క పేజీ రాయండి. రెండో పేజీ రాస్తే ఎవరూ చదవరు.

అందులో ఇలాంటివి ఉండాలి. ఏదైనా చెప్పాక కాస్త ఆగండి, వెంటనే మళ్ళీ చెబితే వాడు మొదటికొస్తాడు. మన వైపు చూడకపోయినా వింటూనే ఉంటాడు, ‘నా కళ్ళలోకి చూడు’ అనొద్దు. బాత్‌రూముకు వెళ్ళాలంటే ‘ఒంటికి’ అంటాడు, లేకపోతే నిక్కరు పట్టుకుంటాడు. ఈ ముక్క రాయడం మరిచిపోయేరు! ఆ మిస్సు కన్నడిగో మలయాళీయో అయితే ‘ఒంటికి’ అంటే ఏం తెలుస్తుంది పాపం. టీవీ ప్రకటనలో మాటలు అదే పనిగా వల్లిస్తుంటే భయపడుతున్నాడని అర్థం, అల్లరి కాదు. చెయ్యి పట్టి లాగితే ఇంకా బెదురుతాడు, వరండాలోకి దారి చూపిస్తే తనే నడుస్తాడు.

వాడికి వచ్చినవీ రాయండి. వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పర్పుల్ లైన్ స్టేషన్లన్నీ వరసగా చెప్తాడు కదా. ఆ సంగతి తెలిసిన టీచరుకు వాడితో మాట కలపడానికి ఒక దారి దొరుకుతుంది. కష్టాలే చదివిన టీచరు మొదటి రోజే బెదిరిపోతుంది.

ఆ పేజీ ఇవ్వడానికి పీటీఎం రోజు దాకా ఆగొద్దు. పేరెంట్స్ మీటింగంటే క్యూలో నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడటమే, వెనకున్నవాళ్ళు గడియారం చూస్తుంటారు. పిల్లలకన్నా కొన్ని రోజుల ముందే టీచర్లు బడికి వస్తారు. ఆ రోజుల్లో ఫోన్ చేసి ఇరవై నిమిషాలు విడిగా అడుగు. బాబునూ తీసుకెళ్ళు. ఖాళీ క్లాసు, వాడు కూర్చునే బెంచీ, బాత్‌రూము, గేటు అన్నీ చూపించి ఫోటోలు తీసుకో. బడి తెరిచేదాకా రోజూ ఇంట్లో వాడికవి చూపించండి. ఫ్యాను కిందా తలుపు పక్కనా కాకుండా కూర్చోబెట్టమని అప్పుడే అడగొచ్చు.

నువ్వూ వెళ్ళాలి, ఒరేయ్. ఆఫీసులో మీటింగుంది అని కోడల్ని ఒక్కదాన్నే పంపావో, ‘ఆ తల్లికి కంగారెక్కువ’ అని ఒక్కమాటతో తేల్చేస్తారు. అదే మాట తండ్రి చెబితే వింటారు. అన్యాయమే, కానీ మన బళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.

టీచరు ఒక్కతే కాదు, ఆయమ్మతోనూ బస్సులో ఉండే ఆవిడతోనూ మాట్లాడు. బాబు తడిపేసుకున్నా, డబ్బా మూత రాక అన్నం తినకపోయినా ముందు తెలిసేది వాళ్ళకే. ఇక్కడి ఆయమ్మల్లో కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వాళ్ళు చాలామంది ఉంటారు, తెలుగు బాగానే వస్తుంది. కాగితం ఇవ్వకు, నిలబడి పలకరించు.

బడి మొదలయ్యాక స్కూలు డైరీ కాకుండా వేరే చిన్న నోటుబుక్ ఒకటి బ్యాగులో పెట్టండి. పొద్దున మీరు రెండు లైన్లు: రాత్రి నిద్రపోయాడా, కడుపు బాగుందా, ఇంటికి చుట్టాలొచ్చారా. సాయంత్రం టీచరు రెండు లైన్లు. ఆవిడకు అదీ భారమైతే తిన్నాడు, ఆడాడు, ఏడ్చాడు అని మీరే రాసి పంపండి, టిక్కు పెడుతుంది. ‘ఈరోజు ఎలా ఉన్నాడు మిస్’ అని గేటు దగ్గర అడిగితే ‘గుడ్’ అంటుంది, దాంతో మనకేం తెలిసింది?

గొడవ జరిగిన రోజు మాత్రం ఒక్కటే అడుగు: దానికి కాస్త ముందు ఏం జరిగింది? ‘నీళ్ళ సీసా విసిరాడు’ అని రాస్తే మీరు ఇంట్లో తిట్టడం తప్ప ఏం చేస్తారు? ‘పీటీ సారు రాలేదు, ఆటల పీరియడ్లో లెక్కలు చెప్పాం, సీసా విసిరాడు’ అని రాసిందనుకో, దారి దొరికినట్టే. మార్పు ఉంటే ముందే బొమ్మ కార్డు చూపించి చెప్పమని అడగొచ్చు. తప్పెవరిదని తవ్వితే టీచరు నోరు మూసుకుంటుంది, ఆపైన నోటుబుక్కూ ఖాళీగా వస్తుంది.

ఇంకొకటి ఎదురవుతుంది చూడు. ‘మా దగ్గర బుద్ధిగానే ఉంటాడే, ఇంట్లో గారాబం ఎక్కువేమో’ అంటారు. రోజంతా చప్పుళ్ళూ తోపులాటలూ ఓర్చుకుని, ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే బద్దలయ్యే పిల్లలు చాలామంది. కోపం తెచ్చుకోకుండా, ఇంట్లో ఎన్ని గంటలకు ఏం చేశాడో నోటుబుక్కులో రాసి పంపండి. రెండు మూడు వారాలకు మధ్యాహ్నం కాసేపు నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలని ఆవిడకే తోస్తుంది.

వాట్సాప్‌లో రాత్రి తొమ్మిదింటికి వాయిస్ మెసేజులు పెట్టొద్దు. క్లాసు గ్రూపులో బాబు ఊసే వద్దు.

క్లాసులో వాడి పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచరును పెట్టుకోమని బడివాళ్ళు అనొచ్చు. అవసరమైతే పెట్టుకోండి, కానీ మాటలన్నీ ఆ అమ్మాయి ద్వారానే నడవనివ్వకండి. అలా నడిస్తే క్లాసు టీచరుకు ఏడాది చివర్లో కూడా మీ పిల్లాడు ఎవరో తెలీదు. నోటుబుక్కులో క్లాసు టీచరు చేతిరాతే ఉండాలి.

చట్టం సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో చెప్పిన 21 రకాల్లో ఆటిజం ఉంది. గుర్తింపు ఉన్న బళ్ళు ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకునేలా, తగిన ఏర్పాట్లు చేసేలా చూడాలని 16వ సెక్షన్ చెబుతుంది. మొదటి మీటింగులోనే దాన్ని తీయొద్దు. సీటు లేదనో వేరే బడి చూసుకోమనో అంటే అప్పుడు తీయి, వాళ్ళ జవాబు ఈమెయిల్లో అడుగు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలన్నా ఆ కాగితం కావాలి. దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డుకు మాత్రం ఇప్పుడే అప్లై చేయండి, పెద్ద క్లాసుల్లో పరీక్షకు అదనపు టైమో, వాడు చెబితే రాసిపెట్టే స్క్రైబో అడగాలంటే సర్టిఫికెట్టు ఉండాల్సిందే.

దీపావళి టపాసులు, యాన్యువల్ డే రిహార్సళ్ళు, ఫైర్ డ్రిల్లు ఎప్పుడెప్పుడో తారీఖులు ముందే తెప్పించుకోండి.

ఆదివారం ముగ్గురూ ఇటు రండి. ఆ పేజీ రాసి తీసుకురా, ఎక్కువైంది నేను కొట్టేస్తా. బాబుకు పెరుగన్నమే కలుపుతా, వాడి ప్లేటు మీరే తెచ్చుకోండి.

మీ అత్త