సంగీతం గురించి పెద్దగా తెలియనివారికి కూడా 'నెవర్ మైండ్ ద బజ్‌కాక్స్' ఎందుకు నచ్చుతుంది?

ఆ కార్యక్రమంలో సరైన జవాబు కన్నా, జవాబు కోసం పోటీదారులు పడే పాట్లే అసలు వినోదం కాబట్టి. 1996లో బీబీసీ టూలో మొదలైన ఈ బ్రిటిష్ షోను 2015లో ఆపేశారు; 2021లో స్కై ఛానల్ మళ్లీ ప్రారంభించింది. హాస్యనటులూ గాయకులూ కలిసిన రెండు జట్ల మధ్య సంగీతంపై ప్రశ్నలు, మధ్యలో చురకలు వేసే వ్యాఖ్యాత: స్థూలంగా ఇంతే.

పాప్ గాయకులు మామూలుగా జనానికి కనిపించేది తీర్చిదిద్దిన వీడియోల్లో, ముందే సిద్ధం చేసుకున్న ఇంటర్వ్యూల్లో. ఇక్కడ మాత్రం పక్కనే హాస్యనటులు కూర్చుని ఆటపట్టిస్తుంటే ఆ బింకం ఎంతోసేపు నిలవదు. గాయకుడు తనమీద తానే నవ్వుకోగలిగితే ప్రేక్షకులకు వెంటనే దగ్గరవుతాడు, ఉడుక్కుంటే అదీ చూడదగ్గదే.

'ఇంట్రోస్' రౌండునే తీసుకోండి. జట్టులో ఇద్దరు ఒక పాట ఆరంభ సంగీతాన్ని మాటలు లేకుండా, వాద్యాలు లేకుండా కేవలం నోటితో వినిపించాలి. మూడో వ్యక్తి ఆ పాటేదో చెప్పాలి. గిటార్‌ను, డ్రమ్స్‌ను గొంతుతో అనుకరించబోయి పేరున్న గాయకులు సైతం తడబడతారు. పాట తెలియకపోయినా ఆ అవస్థకు నవ్వు ఆగదు. కార్యక్రమం మొత్తంలో అత్యుత్తమ భాగం నిస్సందేహంగా ఇదే.

ఇది సంగీత జ్ఞానాన్ని కొలిచే పోటీ అని చాలామంది పొరబడతారు. మార్కులు వేస్తారు, విజేతను ప్రకటిస్తారు, నిజమే. కానీ ఆ లెక్కను అక్కడున్నవారెవరూ పట్టించుకోరు. మంచి చతురోక్తి పడితే తప్పు జవాబుకే చప్పట్లు ఎక్కువ.