సిప్ ఎనిమిది నెలలు ఆగినా పర్వాలేదు, పాప గుడ్డు ఆగకూడదు

ప్రశ్న: మాది ఉప్పల్. ఆయన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తారు, జీతం 28 వేలు. నాకు బట్టల షోరూంలో 14 వేలు వస్తాయి. పాపకు ఏడాదిన్నర, పగలంతా అత్తమ్మే చూసుకుంటారు. అద్దె 11,000, బండి ఈఎంఐ 3,400, చిట్టీ 5,000 (ఇంకా ఎనిమిది నెలలుంది), పాప పేరు మీద ఆర్నెల్ల కింద తీసుకున్న యులిప్ (బీమా, పెట్టుబడి కలిసిన పాలసీ) 3,000, సుకన్య 1,500, అత్తమ్మ మందులు 2,000, కరెంటు, గ్యాస్, ఫోన్లు 3,000, పెట్రోలు 3,000, తిండికి 9,000. మిగిలేది 1,100. పాప చదువుకు నెలకు 2,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టేది) మొదలుపెట్టమని అందరూ అంటున్నారు. కూరగాయలు, గుడ్లు, పండ్ల దగ్గర కొంచెం బిగిస్తే సరిపోతుందా? మొన్న డాక్టర్ పాప ఎత్తు 74 సెంటీమీటర్లే ఉందన్నారు. అందుకని 650 రూపాయల పౌడర్ డబ్బా కూడా తెస్తున్నాం.

జవాబు: తిండి దగ్గర బిగించకండమ్మా. సిప్ ఇప్పుడే వద్దు.

మీ లెక్కలన్నీ చదువుతూ వచ్చి ఆ 74 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఏడాదిన్నర ఆడపిల్ల ఎత్తు మధ్యస్థంగా 80.7 సెంటీమీటర్లు. 74.9 కంటే తక్కువుంటే వయసుకు తగ్గ ఎదుగుదల లేనట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది ఇదే స్థితిలో ఉన్నారు. కాబట్టి ఇది మీ ఒక్కరి తప్పని బాధపడకండి. కారణం తేల్చాల్సింది పిల్లల డాక్టరే. కానీ రెండేళ్లు నిండేలోపు వెనకబడ్డ ఎత్తును ఆ తర్వాత పూర్తిగా రాబట్టడం చాలా కష్టం.

సిప్ సంగతి అలా కాదు. ఎనిమిది నెలలు ఆలస్యమైతే కట్టనిది 16,000. ఏటా 12 శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే పదహారేళ్లకు అది దాదాపు లక్ష. చిన్న మొత్తమేం కాదు. అయితే చిట్టీ అయిపోయాక నెలకు రెండు వేలకు బదులు 2,200 కట్టారంటే ఆ లోటు పూడిపోతుంది. పాప వయసును మాత్రం ఎనిమిది నెలలు ఆపలేం కదా.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తీయాలి? యులిప్ నుంచి. ముందు మీ ఆయన పేరు మీద 50 లక్షల టర్మ్ పాలసీ (పెట్టుబడి కలపని జీవిత బీమా) తీసుకోండి. ముప్పైల్లో ఉండి, సిగరెట్ అలవాటు లేకపోతే నెలకు వెయ్యిలోపే పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఆ పాలసీ చేతికొచ్చాకే యులిప్ కట్టడం ఆపండి, ముందు కాదు. ఆపినప్పుడు కొంత చార్జీ కోస్తారు. మిగతా సొమ్ము విడిగా ఒక ఫండ్‌లో కనీసం 4 శాతం వడ్డీతో ఉంటుంది, ఐదేళ్లు నిండాకే చేతికొస్తుంది. కోత ఎంతో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. సుకన్య ఖాతాను కదిలించకండి. మరీ ఇబ్బందైన ఏడాది 250 రూపాయలు కట్టినా అది బతికే ఉంటుంది.

అలా నెలకు రెండు వేలు మిగులుతాయి. అందులో 1,500 పాప పళ్లెంలోకి పోవాలి. పౌడర్ డబ్బా మానేస్తే ఇంకో 650 మిగులుతుంది. ఇలాంటి పౌడర్లలో చాలావాటిలో చక్కెర ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు తీపి కలిపిన పానీయాలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా ఆ పాలతో కడుపు నిండిన పిల్ల మధ్యాహ్నం అన్నం ముద్ద చూస్తే మొహం తిప్పుకుంటుంది.

పాప ఏం తింటోందో మీరు రాయలేదు. పొద్దున పాలలో బిస్కెట్, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పెరుగన్నం అయితే అందులో ఉన్నవి ధాన్యం, పాలు, ఆ రెండే. పెరుగు కూడా పాల లెక్కలోకే వస్తుంది. ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లలకు ఎనిమిది రకాల్లో రోజూ కనీసం ఐదు అందాలి: తల్లిపాలు; ధాన్యాలు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; చేపలు, మాంసం; గుడ్లు; ఆకుకూరలు, బొప్పాయి, క్యారెట్ లాంటివి; మిగతా పండ్లు, కూరగాయలు. ఒక గుడ్డు, పాలకూర పప్పు, అరటిపండు చేరితే ఆ రోజుకు ఐదు దాటేసినట్టే. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా నెలకు 210. వారానికోసారి ముల్లు తీసిన చేప గానీ, కొంచెం కార్జం గానీ పెట్టండి. కూరగాయలకు ఆదివారం సరూర్‌నగర్ రైతుబజార్‌కు వెళ్తే ఆ డబ్బుకే సంచి నిండుతుంది.

డబ్బు దొరికినంత మాత్రాన పని కాదు. పెట్టే మనిషికి ఓపిక ఉండాలి. మీరు రాత్రి ఇంటికి చేరేసరికి పాప నిద్రపోతుందనుకుంటా. మందుల మీద ఉన్న అత్తమ్మ పిల్ల వెనకాల గిన్నె పట్టుకుని ఎంతసేపని తిరుగుతారు? చేతికి అందేది బిస్కెట్ ప్యాకెట్టే. ఆమెను ఏమీ అనకండి, పని తేలిక చేయండి. పొద్దున కుక్కర్ దించగానే, కారం, పోపు పడకముందే, పప్పూ ఆకుకూరా పాపకు రెండు పూటలకు తీసి పెట్టండి. ఒక పూటది ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ బాగా వేడిచేసి పెట్టాలి. గుడ్డు ఉడికించి ఉంచితే మధ్యాహ్నం మెత్తగా చిదిపి, నెయ్యి వేసి కలపడమే అత్తమ్మ పని. ఒక పూట తినిపించడం మీ ఆయన వంతు చేయండి, షిఫ్టును బట్టి ఏ పూటైనా సరే.

అంగన్‌వాడీలో పాప పేరు రాయించారా? ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పిల్లల పోషకాహార పిండి), 16 గుడ్లు ఇస్తారు. రేషన్ కార్డు లేకపోయినా అడగొచ్చు. బరువు, ఎత్తు కూడా అక్కడే కొలిపించండి.

యులిప్ ఆపగా వచ్చిన రెండు వేలలో మిగిలిన 500తో పాటు, ఇప్పటికే మీ దగ్గర మిగులుతున్న 1,100, డబ్బా మానేసిన 650 విడిగా సేవింగ్స్ ఖాతాలో వేయండి. అది పాప జ్వరాలకు, విరేచనాలకు. విరేచనాలు పట్టుకుంటే తిన్నది ఒంటికి పట్టదు. ఓఆర్ఎస్, జింక్ ఇంట్లో ఉండాలి, తాగే నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి. చిట్టీ ముగిశాక నెలనెలా మిగిలే ఐదు వేలలో 2,200 సిప్‌కు, మిగతాది ఇదే ఖాతాకు.

మూడు నెలల తర్వాత పాప ఎత్తు, బరువు రాసి పంపండి. చిట్టీ డబ్బు ఎంతొస్తుందో కూడా రాస్తే, సిప్ ఏ ఫండ్‌లో వేయాలో అప్పుడు చెబుతాను.