గాయం నుంచి కోలుకున్న స్టార్‌ను ఏ వరుసలో ఆడించాలి?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్టు సాధారణంగా 12 మంది ఫార్వర్డ్‌లను (దాడి చేసే ఆటగాళ్లను) ముగ్గురేసి చొప్పున నాలుగు వరుసలుగా దించుతుంది. స్టార్ రాగానే మొదటి వరుసలో పెట్టాలనిపిస్తుంది. కానీ అతను లేనప్పుడు బాగా కుదిరిన త్రయాన్ని ఎందుకు చెడగొట్టడం? ముందు పవర్ ప్లే (ప్రత్యర్థి ఆటగాడు శిక్షపై బయట ఉండే సమయం) ఇవ్వండి. అక్కడ ప్రత్యర్థికి ఆటగాళ్లు తక్కువ, ఒంటికి తగిలే దెబ్బలూ తక్కువ. పక్‌పై, అంటే ఆటలో కొట్టే రబ్బరు బిళ్లపై, పట్టు త్వరగా తిరిగి వస్తుంది. మిగతా ఆటకు మూడో వరుస చాలు. సుమారు 45 సెకన్ల షిఫ్ట్ (మంచుపై ఒక విడత ఆట) చివర్లో, పక్ చేజారాక వెనక్కి స్కేట్ చేస్తున్నాడా, కాళ్లు ఈడుస్తున్నాడా చూడండి. గోల్స్ కన్నా నేను నమ్మేది దాన్నే.

టాంపా బే ఆటగాడు నికితా కుచెరోవ్ తుంటి శస్త్రచికిత్స వల్ల 2020-21 రెగ్యులర్ సీజన్ మొత్తానికీ దూరమై, నేరుగా ప్లేఆఫ్స్‌లో దిగి 32 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) సాధించాడు. అలాంటివాడు మీ జట్టులో ఉంటే ఈ జాగ్రత్తలన్నీ పక్కన పెట్టవచ్చు.